అమ్మానాన్నలతో జర్మనీ ద్రాక్షతోటలు చూడాలంటే నా ఓటు మోజెల్ లోయకే

మీరు అడిగింది ఇది: సెప్టెంబర్ చివర్లో అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నారు, ఏదైనా వైన్ ప్రాంతానికి తీసుకెళ్లాలి, చేతిలో మూడు రోజులున్నాయి. నాన్నగారు కాస్త రుచి చూస్తారు, అమ్మగారు ముట్టరు, పైగా శాకాహారి. రూడెస్‌హైమ్ సరిపోతుందా, ఇంకెక్కడికైనా వెళ్లాలా?

ఒక్క రోజే ఉంటే రూడెస్‌హైమ్ వెళ్లిరండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. ద్రాక్షతోటల మీదుగా రోప్‌వే ఎక్కొచ్చు, పైనుంచి రైన్ నది బాగా కనిపిస్తుంది. అయితే అక్కడి డ్రోసెల్‌గాస్సె వీధిలో టూరిస్టు బస్సుల జనమే ఎక్కువ, వైన్ చేసేవాళ్లతో మాట్లాడే సావకాశం తక్కువ. మీకు మూడు రోజులున్నాయి కాబట్టి మోజెల్ లోయకి వెళ్లమంటాను. కోబ్లెంజ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ శనాదివారాలు దొరికితే నేను మోజెల్ నది పక్కనే ఉండేవాణ్ణి. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి. తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ, నడవగలిగినవాళ్లకీ నడవలేనివాళ్లకీ అందరికీ నచ్చిన చోటు అది.

జర్మనీలో అధికారికంగా 13 వైన్ ప్రాంతాలున్నాయి. వాటిలో మోజెల్ ప్రత్యేకత ఆ నది మెలికల్లో ఉంది. ఆ నది మీదే ఉన్న ట్రియర్ పట్టణం నుంచి కోబ్లెంజ్‌కి సూటిగా కొలిస్తే దాదాపు 100 కిలోమీటర్లు, నది మాత్రం వంకర్లు తిరిగి తిరిగి దానికి దాదాపు రెట్టింపు దూరం ప్రవహిస్తుంది. ప్రతి మలుపులో ఎండ తగిలే ఒడ్డున నిటారుగా ద్రాక్షతోట, కింద నీళ్ల పక్కన చిన్న ఊరు, ఊరి మధ్యలో చర్చి శిఖరం. తర్వాతి మలుపులో తోట అవతలి ఒడ్డుకి మారిపోతుంది. కారులో వెళ్తున్నా కిటికీ నుంచి కళ్లు తిప్పుకోలేం.

మొత్తం లోయ చుట్టేయాలని మాత్రం పెట్టుకోకండి. పెద్దవాళ్లతో రోజుకో హోటల్ మారితే పెట్టెలు సర్దడంతోనే సరిపోతుంది. నది మధ్య భాగంలో, అంటే బెర్న్‌కాస్టెల్-కూస్‌లోనో ట్రాబెన్-ట్రార్బాఖ్‌లోనో, లేదా వాటి మధ్య ఉన్న సెల్టింగెన్, ఊర్జిగ్ లాంటి చిన్న ఊళ్లలోనో ఒకేచోట బస పెట్టండి. ఈ ఊళ్లలో వైన్ చేసే కుటుంబాలు తమ ఇంట్లోనే గదులు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు అద్దెకిస్తారు. వాటిని ఫేరియెన్‌వోనుంగ్ అంటారు. మీకు అదే నయం, ఎందుకో తిండి దగ్గర చెప్తాను.

నేను గట్టిగా చెప్పే మాట ఒకటే. గ్లాసు పట్టుకునే ముందు తోటలోకి ఎక్కండి. చాలామంది నేరుగా టేస్టింగ్‌కి కూర్చుంటారు, ఆరు రకాలు తాగుతారు, బాగుందంటారు, వచ్చేస్తారు. తోట చూశాక తాగితే అదే వైన్ మీద గౌరవం వస్తుంది. ఆ కొండవాలు చూడండి. కాలికింద మట్టి కనపడదు, అన్నీ పలకరాయి ముక్కలే. అడుగు వేస్తే గలగలమని జారుతాయి. కొన్నిచోట్ల నీలంగా, బూడిదరంగులో ఉంటాయి, ఊర్జిగ్ దగ్గర ఎర్రగా ఉంటాయి. ఎండ కాసిన రోజు సాయంత్రం ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా తగులుతుంది. అంత ఉత్తరాన, అంత చలి దేశంలో ద్రాక్ష పండడానికి కారణాల్లో ఇదొకటి. పగలంతా రాయి వేడి పీల్చుకుని రాత్రి తీగకి ఇస్తుంది. కింద నది ఎండని వాలు మీదికి తిప్పి కొడుతుంది. వాలు కూడా సూర్యుడికి ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లకి ఇక్కడి పద్ధతి విచిత్రంగా ఉంటుంది. పాత తోటల్లో పందిరీ లేదు, తీగలు లాగిన వరసలూ లేవు. ఒక్కో మొక్కకి ఒక్కో గుంజ, దానికి రెండు కొమ్మల్ని చెరోపక్కకి వంచి గుండె ఆకారంలో కట్టేస్తారు. అప్పుడు మనిషి అడ్డంగా కూడా కదలగలడు, నిలువునా ఎక్కక్కర్లేదు. ఇలాంటి వాలులో ట్రాక్టర్ దిగదు. కోత కోసి బుట్టలు వీపున మోసుకుని దిగాలి, లేదంటే ఒంటి పట్టా మీద పళ్ల చక్రంతో ఎక్కే చిన్న మోటారు బండిలో పంపాలి. ఆ పట్టాలు చాలా తోటల్లో కనిపిస్తాయి, చూపిస్తే నాన్నగారికి ఆసక్తిగా ఉంటుంది. నది దిగువకి వెళ్తే, బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మాంట్ అనే తోట 65 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది, యూరప్‌లో అన్నిటికన్నా నిటారైన తోటగా దానికి పేరు. అక్కడి కాలిబాటలో ఇనుప నిచ్చెనలు, తాళ్లు ఉంటాయి. పెద్దవాళ్లతో అది వద్దు, అవతలి ఒడ్డునుంచి చూస్తే చాలు.

మోకాళ్ల నొప్పులుంటే? వాలు మధ్యలో అడ్డంగా వెళ్లే సిమెంటు బాటలున్నాయి, రైతుల బళ్ల కోసం వేసినవి. వేలెన్ అనే ఊరికి ఎదురుగా ఉన్న తోటలో రాతిగోడ మీద ఒక సూర్యగడియారం ఉంది, 1842లో కట్టించారు. తోటలో పనిచేసేవాళ్లకి టైమ్ తెలియడానికి పెట్టింది అది. ఆ తోట పేరు మీద వచ్చే రీస్లింగ్ (ఇక్కడి తెల్లద్రాక్ష రకం, దాంతో చేసే వైన్ పేరూ అదే) ఈ రోజు ప్రపంచమంతా తెలుసు. ఆ పక్కన మెల్లగా నడిచి, ఒక బల్ల మీద కూర్చుని నదిని చూస్తే అమ్మగారికి కూడా ఆ రోజు దక్కినట్టే.

ఇక టేస్టింగ్. ఇక్కడ పెద్ద కంపెనీల కన్నా కుటుంబాల వైన్‌గూట్‌లే, అంటే సొంత తోట ఉండి వైన్ చేసే ఇళ్లే ఎక్కువ. ముందుగా ఫోన్ చేసో మెయిల్ పెట్టో వెళ్లండి. మీరు వెళ్లేది కోతల కాలం కాబట్టి ఇది మరీ ముఖ్యం. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం, సెప్టెంబర్ చివరనుంచి అక్టోబర్ దాకా ఇంటిల్లిపాదీ కొండ మీదే ఉంటారు. సాయంత్రం వేళ అడిగితే ఒప్పుకుంటారు. వైన్‌ప్రోబె అని అడగాలి. వాళ్ల బల్ల దగ్గరే కూర్చోబెట్టి, ఐదారు రకాలు కొంచెం కొంచెంగా పోస్తారు, మధ్యలో బ్రెడ్, నీళ్లు ఇస్తారు. మింగకుండా ఉమ్మేయడానికి, మిగిలింది పారబోయడానికి ఒక కూజా పెడతారు. మొహమాటపడకుండా వాడండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొద్దిపాటి రుసుము ఉంటుంది. సీసాలు కొంటే చాలాచోట్ల అది తీసుకోరు. రెండు మూడు సీసాలైనా కొనడం మర్యాద. 10, 12 యూరోలకే చాలా మంచి రీస్లింగ్ దొరుకుతుంది, అంత కష్టం చూశాక ఆ ధర తక్కువే అనిపిస్తుంది.

సీసా మీద రాసింది చదవడం మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది. ఇంత తెలిస్తే చాలు. ట్రోకెన్ అంటే తీపి లేనిది, లీటరుకి చక్కెర 9 గ్రాములు దాటదు. ఫైన్‌హెర్బ్ అంటే కాస్త తీపి తగిలేది. కాబినెట్, ష్పెట్‌లేజె, ఔస్‌లేజె అనేవి కోసేటప్పుడు ద్రాక్ష ఎంత పండిందో చెప్పే మెట్లు. వీటిల్లోనూ ట్రోకెన్ ఉండొచ్చు, తీపివీ ఉండొచ్చు. ఒక తేలిక గుర్తు: ఆల్కహాల్ శాతం చూడండి. 8 దగ్గర ఉంటే చక్కెర అంతా పులవకుండా మిగిలింది కాబట్టి తీపి వైన్, 12 దగ్గర ఉంటే దాదాపు తీపి లేనిది. ఐస్‌వైన్ అనేది ఇంకో వింత. చెట్టు మీదే మైనస్ 7 డిగ్రీలకో అంతకన్నా కిందికో గడ్డకట్టిన పండ్లని తెల్లవారుజామున కోసి పిండుతారు. చాలా ఖరీదు, చిన్న గ్లాసు రుచి చూస్తే చాలు.

మనవాళ్లకి ఏది నచ్చుతుంది అంటే, నా అనుభవంలో మొదటిసారి తాగేవాళ్లలో పదికి తొమ్మిది మందికి ట్రోకెన్ పుల్లగా అనిపిస్తుంది. విస్కీ అలవాటున్నవాళ్లు కాబినెట్ తాగి ఇందులో ఏముంది అంటారు. నాన్నగారు అలా అంటే కంగారుపడకండి. ట్రోకెన్‌తో మొదలుపెట్టి, తీపి వైపు వెళ్లి, ష్పెట్‌లేజె దగ్గర ఆగి, నెమ్మదిగా తాగమనండి. ఆ తీపి వెనకే నిమ్మకాయలాంటి పులుపు వచ్చి నోరు శుభ్రం చేస్తుంది, రెండూ కలిసి రావడమే మోజెల్ రీస్లింగ్ గొప్పదనం. కారం వంటతో ఫైన్‌హెర్బ్ బ్రహ్మాండంగా ఉంటుంది. మా ఇంట్లో మిరియాల కోడి వేపుడు చేసినప్పుడు నేను ఇదే తీస్తాను. ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్ కారాన్ని ఇంకా మండిస్తుంది, ఇది మంటని అణుస్తుంది.

అమ్మగారి సంగతికి వస్తాను. మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు నాకూ అదే బెంగ, ఆవిడ ఒక మూల బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారేమోనని. ఊర్జిగ్‌లో ఒక పెద్దావిడ మాకు వైన్ పోస్తూ, ఆవిడ గ్లాసు ఖాళీగా ఉండటం చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లి తమ తోట ద్రాక్షరసం తెచ్చి అదే వైన్ గ్లాసులో పోసింది. తర్వాత భాష రాకపోయినా ఇద్దరూ చేతులతో, నవ్వులతో ఏదో మాట్లాడుకున్నారు. మనవళ్ల ఫోటోలు చూపించుకున్నారు. చాలా వైన్‌గూట్‌లలో ఈ ట్రౌబెన్‌జాఫ్ట్ ఉంటుంది, మెయిల్‌లోనే అడిగేయండి. ఆల్కహాల్ తీసేసిన రీస్లింగ్ కూడా దొరుకుతుంది కానీ అందులో 0.5 శాతం దాకా మిగిలి ఉండొచ్చు. పూర్తిగా ముట్టనివాళ్లకి రసమే మంచిది.

సెప్టెంబర్ చివర్లో వెళ్తున్నారు కాబట్టి ఫేడర్‌వైసర్ తప్పకుండా చూడండి. ఇది ఇంకా పులుస్తూ ఉన్న ద్రాక్షరసం. మన కల్లు ఎలా పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులుపెక్కి మత్తెక్కుతుందో ఇదీ అంతే, రోజురోజుకీ మారిపోతుంది. తెల్లగా, మబ్బుగా, నురగతో ఉంటుంది. సీసా మూత బిగించరు, బిగిస్తే గ్యాస్‌కి పగిలిపోతుంది. అందుకే పడుకోబెట్టి బ్యాగులో పెట్టకూడదు, నిలబెట్టే తీసుకెళ్లాలి. తియ్యగా ఉందని గటగటా తాగితే ఆల్కహాల్ ఎంత ఎక్కిందో తెలియదు, నాన్నగారికి ముందే చెప్పండి. దీంతో ఉల్లిపాయల త్స్వీబెల్‌కూఖెన్ తింటారు. వేడివేడిగా, పైన క్రీమ్, అడుగున బ్రెడ్ లాంటి పిండి. మామూలుగా పందిమాంసం ముక్కలు వేస్తారు కాబట్టి అడిగి తీసుకోవాలి.

శాకాహారులకి ఇక్కడ దొరకదని భయపడక్కర్లేదు, కానీ ప్రతిచోటా అడగాలి. ఫ్లామ్‌కూఖెన్ అని పలచటి రొట్టె మీద క్రీమ్, ఉల్లిపాయ వేసి కాలుస్తారు. దాన్ని "ఓనె ష్పెక్" అంటే పందిమాంసం లేకుండా చేసిస్తారు. రైబెకూఖెన్ అనే బంగాళాదుంప అట్లు ఆపిల్ గుజ్జుతో ఇస్తారు, మా పిల్లలకి ప్రాణం. చీజ్ వేసిన ష్పెట్స్‌లె, అంటే గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్ ఉంటుంది, శరత్కాలంలో గుమ్మడికాయ సూప్ ఉంటుంది. సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో, సలాడ్ మీద ష్పెక్ చల్లారేమో అడగండి. ఈ ప్రాంతపు డిప్పెకూఖెన్ అనే బంగాళాదుంప వంటలో కూడా మాంసం ఉంటుంది. మీరు మాంసాహారులైతే రీస్లింగ్ సాస్‌తో చేసిన నది చేప, అడవిపంది కూర బాగుంటాయి. బీఫ్ తినకపోతే ముందే చెప్పండి. ఇక్కడ ఒక రకం ఎర్ర గుజ్జున్న పీచ్ పండు ద్రాక్షతోటల మధ్య పండుతుంది, దాని జామ్ రెండు సీసాలు తీసుకెళ్తే ఇంట్లో దోసెల్లోకి పనికొస్తుంది.

ఇందుకే వంటగది ఉన్న గది తీసుకోమన్నాను. హోటల్ వంటగదులు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికే మూసేస్తారు, వారంలో ఒకటి రెండు రోజులు సెలవు. ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు. రైస్ కుక్కర్, పచ్చడి, పొడులు మీ వెంట ఉంటే అమ్మగారికి రాత్రిపూట పెరుగన్నం దొరుకుతుంది, మీకూ నిశ్చింత.

భోజనానికి ఒక చోటు ప్రత్యేకంగా చెప్పాలి. ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటే వైన్ చేసేవాళ్లే తమ పెరట్లోనో గిడ్డంగిలోనో నడిపే చిన్న తినుబండారాల కొట్టు. ఏడాదికి నాలుగు నెలలు మించి, 40 సీట్లకి మించి నడపకూడదని నిబంధన. గుమ్మం మీద ఆకుల దండో చీపురో వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. సొంత వైన్, బ్రెడ్, చీజ్, సాదా వంటలు. పక్కబల్ల వాళ్లు కూడా మాట కలుపుతారు. పెద్ద రెస్టారెంట్ కన్నా ఇక్కడ గడిపిన రెండు గంటలే నాకు ఎక్కువ ఇష్టం.

బెర్న్‌కాస్టెల్‌లో సగం రోజు. కర్రచట్రాల ఇళ్లు, వాటిలో 1416లో కట్టిన ష్పిట్స్‌హోయిష్‌యెన్ కింద సన్నగా పైకి వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. అందరూ ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు వంతెన దాటి కూస్ వైపు వెళ్లండి. 1401లో ఇక్కడే పుట్టిన నికోలస్ కుసానుస్ అనే తత్వవేత్త, కార్డినల్, 1458లో 33 మంది ముసలివాళ్ల కోసం ఒక ఆశ్రమం స్థాపించాడు. దాన్ని పోషించేది దాని సొంత ద్రాక్షతోటలు. అది ఈ రోజుకీ వృద్ధాశ్రమంగానే నడుస్తోంది. నన్ను ఈ లోయలో అన్నిటికన్నా కదిలించిన చోటు ఇది. నేలమాళిగలో వినోథెక్ ఉంది, అక్కడ చాలామంది వైన్లు ఒకేచోట రుచి చూడొచ్చు. ముందుగా అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఇదే దారి.

అక్కడినుంచి ట్రాబెన్-ట్రార్బాఖ్‌కి పడవ ఎక్కండి. మెట్లు, కొండలు ఎక్కలేనివాళ్లకి దీనికి మించింది లేదు. దారిలో సెల్టింగెన్ దగ్గర పడవ లాక్‌లోకి, అంటే నీటిమట్టం మార్చే తలుపుల గదిలోకి వెళ్తుంది. తలుపులు మూసి నీళ్లు తీసేస్తుంటే పడవ మెల్లగా కిందికి దిగుతుంది. 1964లో ఈ నదిని పెద్ద సరుకు పడవలకి తగ్గట్టు మార్చినప్పుడు వచ్చిన ఏర్పాటు అది. తర్వాత తలపైన, దాదాపు 160 మీటర్ల ఎత్తున హైవే వంతెన కనిపిస్తుంది, 2019లో తెరిచారు. ద్రాక్షతోటలకి నష్టమని దీన్ని చాలామంది వ్యతిరేకించారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది.

మూడో రోజు ట్రియర్‌కి ఉంచుకోండి. రోమన్లు సుమారు క్రీ.శ. 170లో కట్టిన పోర్టా నీగ్రా ద్వారం ఉంది. ల్యాండెస్‌మ్యూజియంలో, నోయ్‌మాగెన్ అనే ఊళ్లో దొరికిన రాతి పడవ చూడండి. క్రీ.శ. 220 ప్రాంతపు ఒక సమాధి మీది శిల్పం, తెడ్లు వేసే మనుషులు, మధ్యలో వైన్ పీపాలు. కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు కూడా ఇక్కడే. కమ్యూనిస్టు ఉద్యమాల కబుర్లు వింటూ పెరిగిన మన పాతతరం వాళ్లకి అది చూడాలని ఉంటుంది. 1843లో మార్క్స్ పత్రికలో రాసిన తొలి వ్యాసాల్లో మోజెల్ ద్రాక్షరైతుల పేదరికం గురించినవి ఉన్నాయి. రెండు రోజులు ఆ వాలు చూసి వచ్చాక ఆ మాట చెప్తే నాన్నగారికి ఇట్టే అందుతుంది.

కోఖెమ్ అనే ఊరి గురించి అందరూ చెప్తారు. కోట బాగుంటుంది, కానీ 1689లో ధ్వంసమైన దాన్ని 19వ శతాబ్దంలో ఒక బెర్లిన్ వ్యాపారి తిరిగి కట్టించింది అది. నన్నడిగితే తిరుగుదారిలో బుర్గ్ ఎల్ట్స్ చూడండి. అడవి మధ్యలో, ఎన్నడూ కూలని కోట, 800 ఏళ్లకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. పార్కింగ్ నుంచి కిందికి చిన్న బస్సు నడుస్తుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. నవంబర్ నుంచి మార్చి దాకా మూసేస్తారు.

వెళ్లడానికి కారే మేలు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండు గంటల లోపే. నడిపేవాళ్లు ఆ రోజు ద్రాక్షరసంతోనే సరిపెట్టుకోవాలి. రక్తంలో ఆల్కహాల్‌కి చట్టపరిమితి వెయ్యికి 0.5 వంతు అయినా, ఆ వంకర రోడ్ల మీద అది పరీక్షించుకునే విషయం కాదు. రైల్లో అయితే కోబ్లెంజ్ మీదుగా బుల్లాయ్‌లో మారి ట్రాబెన్-ట్రార్బాఖ్ చేరొచ్చు, బెర్న్‌కాస్టెల్‌కి రైలు లేదు, విట్లిఖ్ నుంచి బస్సు. చిన్న చోట్ల కార్డు తీసుకోకపోవచ్చు, చేతిలో నగదు ఉంచుకోండి. తోటల్లో చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి.

అమ్మానాన్నలు తిరిగి వెళ్లేటప్పుడు సుంకం లేకుండా ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా తీసుకెళ్లొచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు చెరి రెండు. చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. తీపి ష్పెట్‌లేజె అయితే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, కానీ హైదరాబాద్ ఎండకి అల్మారాలో పెడితే చెడిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టమనండి.

కోతల కాలంలో గదులు తొందరగా నిండిపోతాయి. ముందు ఏదైనా వైన్ కుటుంబం ఇంట్లో గది పట్టుకోండి, ఆ మెయిల్‌లోనే టేస్టింగ్ ఎప్పుడు వీలవుతుందో, ద్రాక్షరసం ఉంటుందో లేదో అడగండి. వాళ్ల ఊళ్లో ఆ వారం ఏ ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ తెరిచి ఉంటుందో కూడా వాళ్లే చెప్తారు.